బల్బు మేస్త్రి వేసిన రెండో తీగ

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే మేస్త్రి చేసే మొదటి పని బల్లమీది సీరీస్ బల్బుకు దణ్ణం పెట్టడం. చెక్కకు బిగించిన మామూలు బల్బే అది. మరమ్మతుకు వచ్చిన ఏ యంత్రాన్నీ ఆయన నేరుగా కరెంటుకు తగిలించేవాడు కాదు, ఆ బల్బు గుండా తగిలించేవాడు. లోపల తీగలు ఎక్కడైనా అంటుకుని ఉంటే యంత్రం కాలిపోకముందే బల్బు భగ్గుమని వెలిగి చెప్పేసేది. రోజూ దాని కొసలు రెండూ కలిపి ఒక్కసారి వెలిగించి, "ఇవాళ నా చేతిమీదుగా ఎవరికీ షాకు తగలకుండా చూడు స్వామీ" అనుకుని, ఆర్పి, అప్పుడు కుర్చీలో కూర్చునేవాడు. వీధివాళ్ళు ఆయనకు బల్బు మేస్త్రి అని పేరు పెట్టేశారు. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో.

రికార్డు ప్లేయర్ల పని తెలిసినవాళ్ళలో ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కడే మిగిలాడు. "అసలు కరెంటే రావడం లేదు మేస్త్రీ" అంటూ ఎవరైనా పెట్టె మోసుకొస్తే, "గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి నడవాలి. రాగానే పొట్ట కోస్తే ఎలా?" అనేవాడు. ముందు ప్లగ్గు, తరువాత తీగ, ఫ్యూజు, స్విచ్చి, ఆ తరువాతే మోటారు. చాలాసార్లు అసలు జబ్బే ఉండేది కాదు. ముల్లున్న చేతిని రికార్డు మీదికి జరిపితేనే పళ్ళెం తిరుగుతుందన్న సంగతి ఇంట్లోవాళ్ళు మరిచిపోయి ఉండేవాళ్ళు. ఆ మాట వాళ్ళ మొహాన అనేవాడు కాదు. పెట్టె తెరిచి, నాలుగు ఊదులు ఊది, "స్విచ్చిలో కాస్త దుమ్ము పట్టిందమ్మా" అని సాగనంపేవాడు. ఎదుటివాళ్ళు చిన్నబోకుండా చూసుకోవడం కూడా మరమ్మతులో భాగమేనని ఆయన నమ్మకం.

టీచరమ్మ ఇంటికి మాత్రం ఆయనే సంచి భుజాన వేసుకుని వెళ్ళేవాడు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు పాట నేర్పిన మనిషి ఆవిడ. పక్షవాతం వచ్చి ఎడమవైపంతా పడిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది, పాట అసలు వచ్చేది కాదు. మంచం పక్క బల్లమీద, కుడిచెయ్యి అందేంత దూరంలో రికార్డు ప్లేయరు ఉండేది. పనామె వచ్చి స్నానం చేయించి, తల దువ్వి, రికార్డు పెట్టి వెళితే, స్విచ్చి ఆవిడే వేసుకునేది. తనంతట తాను చేసుకోగలిగిన పని ఈ లోకంలో అదొక్కటే మిగిలింది.

ఆ ఇంట్లో ఉండేది ఆవిడా, తమ్ముడూ. అమ్మానాన్నలు పోయేనాటికి అతనికి ఆరేళ్ళు. చంకనేసుకుని పెంచింది, చదివించింది, గడియారాల కొట్టు పెట్టించింది. అతన్ని వదిలి వెళ్ళలేక పెళ్ళి కూడా మానుకుంది. ఆ తమ్ముడే స్వయంగా వచ్చి మేస్త్రిని పిలిచేవాడు.

"మా అక్కయ్య మెషీను మళ్ళీ పడకేసింది మేస్త్రీ. మూడు రోజులైంది. పాపం, ఒకటే నస. కాస్త రండి."

మొదటిసారి వెళ్ళి చూస్తే ఫ్యూజు దాని గూట్లో లేదు. ఎక్కడో జారిపడి ఉంటుందనుకుని సంచిలోంచి వేరేది తీసి వేశాడు. నెల తిరిగేసరికి స్విచ్చి దగ్గర తీగ ఊడి వేలాడుతోంది. టంకం పెట్టాడు. పళ్ళెం తిరగడం మొదలుపెట్టగానే టీచరమ్మ పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నా తమ్ముడు బంగారం మేస్త్రీ. మూడు రోజులు వాడి ప్రాణం తోడేశాను. విసుక్కోకుండా మిమ్మల్ని పట్టుకొచ్చాడు."

"నువ్వు అడగాలే గానీ అక్కా," అన్నాడు తమ్ముడు గుమ్మానికి ఆనుకుని, నవ్వుతూ.

మూడోసారి పెట్టె బోర్లించిన మేస్త్రి చెయ్యి అలాగే ఆగిపోయింది. అడుగున ఆరు స్క్రూలు. ఆరింటి తలలమీది గాట్లూ ఒకే దిక్కుకు, గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. తను అలా బిగించడు. పట్టు కుదిరిందా లేదా అన్నదే తన చూపు, గాటు ఎటు తిరిగితే ఏం. గాట్లను వరసలో పెట్టడం గడియారాల పనివాళ్ళ నాజూకు. లోపల ఫ్యూజు వెనక తీగను సన్నటి కత్తెరతో కోసి, కొసలు రెండూ వెంట్రుకవాసి ఎడంలో పక్కపక్కనే నిలిపి ఉన్నాయి. చూసే కంటికి తీగ నిక్షేపంగా ఉన్నట్టే ఉంది.

తలెత్తి చూశాడు. తమ్ముడు మంచినీళ్ళ గ్లాసు అందిస్తున్నాడు.

"ఏమంటారు మేస్త్రీ?"

"పాతబడింది బాబూ," అన్నాడు మేస్త్రి. ఎదుటివాళ్ళు చిన్నబోకూడదన్న ముప్పై ఏళ్ళ అలవాటు నోరు నొక్కేసింది.

ఇంటికి వెళ్ళినా అదే ఆలోచన. కంచే చేను మేస్తోందని చేనుకు చెప్పి ఏం లాభం? చెబితే ఆవిడకు తమ్ముడు మిగలడు. చెప్పకపోతే, దొంగ చేతిలో తాళాలు పెట్టి దీవించినట్టు ఆవిడ దీవిస్తూనే ఉంటుంది. భగవంతుడు తనకు ఇచ్చింది టంకం పెట్టే చెయ్యి. ఏం చేసినా దానితోనే చెయ్యాలనుకున్నాడు.

నాలుగోసారి పిలిచినప్పుడు, తమ్ముడు కొట్టుకు వెళ్ళేదాకా పని సాగదీశాడు. మంచం వెనక ఇంకో ప్లగ్గు ఉంది. అక్కణ్ణుంచి బల్లకాలి వెనకగా రెండో తీగ పాకించి మెషీను లోపలికి కలిపాడు. బల్ల అంచు కింద, ఆవిడ వేళ్ళకు తగిలేచోట చిన్న బొత్తాం బిగించాడు.

"పైన స్విచ్చి పలక్కపోతే ఇది నొక్కండి టీచరమ్మా. ఎవరికీ చెప్పకండి."

"తమ్ముడికి కూడానా?"

"ఆయన కంగారుపడతారు."

"ఈ వయసులో నాకు దొంగతనాలు నేర్పుతున్నారా," అని ఆవిడ సగం మొహంతో నవ్వింది. ఆ సగం నవ్వు తలుచుకుంటూ మేస్త్రి దారి పొడుగునా దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూ నడిచాడు.

పది రోజులకు పనామె కొట్టుకు వచ్చింది.

"అయ్యా, మెషీను ఎప్పుడిస్తారో కనుక్కుని రమ్మన్నారు అమ్మగారు."

"నా దగ్గరెక్కడుందమ్మా?"

"అదేంటి, మీరే పట్టుకెళ్ళారంట గదా." పనామె తెల్లబోయింది. "మొన్న సాయంత్రం నేను గిన్నెలు తోముతున్నాను. అయ్యగారు వచ్చేసరికి పాట వస్తోంది. గుమ్మంలోనే నిలబడిపోయారు. తర్వాత లోపలికెళ్ళి, పక్కన కూర్చుని, రికార్డు అయిపోయిందాకా విని, 'బాగుందక్కా' అన్నారు. మర్నాడు నేనొచ్చేసరికి బల్ల ఖాళీ. మేస్త్రి తీసుకెళ్ళాడు, పార్టులు దొరకవంట, ఇక రాకపోవచ్చని అయ్యగారు చెప్పారంట. ఆవిడ అన్నం ముట్టడం లేదు. 'మేస్త్రి అట్లాంటి మనిషి కాదే' అని ఒకటే మాట. ఆ ఖాళీ బల్ల కింద చెయ్యి పెట్టి ఏదో నొక్కుతూనే ఉంటారు. ఎందుకో నాకు తెలీదు."

మేస్త్రి చేతిలోని టంకం కడ్డీ బల్లమీద పెట్టాడు.

"రెండు రోజుల్లో ఇస్తానన్నానని చెప్పమ్మా. ఆలస్యం నాదేనని చెప్పు."

ఆమె వెళ్ళగానే కొట్టు మూసి గడియారాల కొట్టుకు నడిచాడు. తమ్ముడు కంటికి భూతద్దం బిగించుకుని చేతిగడియారం మీద వంగి ఉన్నాడు. అతని కాళ్ళ దగ్గర, గుడ్డ కప్పి, టీచరమ్మ మెషీను.

"రండి మేస్త్రీ. మీ రెండో తీగ చూశాను. టంకం ఎంత నున్నగా పెట్టారు."

"ఎందుకు బాబూ ఇదంతా? తోడబుట్టిన మనిషి. కదల్లేని మనిషి."

"అరుస్తారనుకున్నాను, మెల్లిగానే అడిగారు. నేనూ మెల్లిగానే చెబుతాను." అతను భూతద్దం తీయలేదు. "అది మోగినంతసేపూ నేను ఇంట్లో ఉన్నానో లేదో ఆవిడకు పట్టదు. ఆగిపోయిందా, తమ్ముడూ తమ్ముడూ అని రోజుకు వందసార్లు. నలభై ఏళ్ళు ఆవిడ పెట్టింది తిన్నాను. ఎదురుపడ్డవాడల్లా, మీ అక్క లేకపోతే నువ్వెక్కడరా అన్నవాడే. ఇప్పుడు అడిగేది ఆవిడ, ఇచ్చేది నేను. నెలకు మూడు రోజులు, అంతకన్నా ఏం తీసుకున్నాను? అదీ మీ కళ్ళు చూడలేకపోయాయి."

"నేను వెళ్ళి అంతా చెప్పేస్తాను."

"చెప్పండి. ఆవిడ దాహమంటే గ్లాసు ఎవరందిస్తారో, పక్క ఎవరు తిప్పుతారో అది కూడా చెప్పి రండి."

చిమటాతో చీమతలంత స్క్రూ ఎత్తి గడియారంలో పెట్టాడు.

మేస్త్రి కింద కూర్చున్నాడు. గుడ్డ తీసి, మెషీను బోర్లించి, ఆరు స్క్రూలూ విప్పాడు. తను వేసిన రెండో తీగను మొదలంటా కోసి, చుట్టచుట్టి, తమ్ముడి ముందున్న అద్దాల బల్లమీద పెట్టాడు. తమ్ముడు కోసిన మొదటి తీగను అతికి, మూత బిగించాడు.

"ఇక బొత్తాం పలకదు. మీ చేత్తోనే తీసుకెళ్ళి ఇవ్వండి బాబూ. మీరే పట్టుబట్టి బాగుచేయించారని చెప్పండి. మీకు ఎప్పుడు మనసైతే అప్పుడు కోసుకోండి. మూడు రోజులు చాలకపోతే నాలుగు రోజులు ఆగండి. ఆ తర్వాత మాత్రం నన్ను పిలవండి, ఎప్పుడు పిలిచినా వస్తాను. ఒక్కటే ఉపకారం అడుగుతున్నా. మోటారు జోలికి మాత్రం పోకండి. అది పోతే నావల్ల కాదు."