షాహీన్ చేసిన లెక్క

ఒక ఆడపిల్ల చదువును నేను చేజేతులా చంపేశాను. ఇన్నేళ్లుగా ఆ బరువు మోస్తూనే ఉన్నాను. ఇంట్లోవాళ్లకూ తెలియదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో విజయవాడలో ఒక బాలికల హైస్కూల్లో లెక్కల టీచర్ని. బడి అయ్యాక బెంజ్ సర్కిల్ దగ్గర కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాశాను. పిల్ల మెట్టుమెట్టుగా టైపు చేసే జవాబును బట్టి ఆ పిల్ల తెలివిని అదే అంచనా వేసుకుని, తగిన లెక్క ఇస్తుంది. ఇప్పుడు కృత్రిమ మేధ అంటున్నారే, దానికి నాటు రూపం. టీచర్లు లేని పల్లెటూరి బళ్లన్నిటికీ అది చేరాలని నా ఆశ. ఆశ నిజమే. నా పేరు మోగాలన్న కోరికా నిజమే. ఏది ముందు పుట్టింది?

హైదరాబాదు నుంచి అధికారులు చూడ్డానికి వచ్చారు. తొమ్మిదో తరగతిలో చురుకైన పిల్లని నేనే ఏరి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. షాహీన్. వాళ్ల నాన్న ఆటోనగర్లో లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. తెర మీద నీళ్ల తొట్టి లెక్క వచ్చింది. షాహీన్ తనదైన పద్ధతిలో చకచకా తేల్చేసింది. తప్పు అంది మెషీన్. మళ్లీ చేసింది. తప్పు. ఆ పిల్ల వెనక్కి తిరిగి, అందరూ వినేట్టు, "టీచర్, నాది కరెక్టేనండీ. దీనికే తెలీట్లేదు," అంది.

ఆ క్షణమే నాకు అర్థమైంది. నేను నేర్పిన దారి తప్ప మరో దారి దానికి తెలియదు. లోపం నాది. అధికారులు నావైపే చూస్తున్నారు. నవ్వాను. "పొగరెక్కువ, బుర్ర తక్కువ," అన్నాను. వాళ్లూ నవ్వారు.

అక్కడితో ఆగలేదు. మెషీన్ ఆమెను మొద్దుల్లో కలిపేసి, చిన్నపిల్లల తీసివేతలు ఇవ్వసాగింది. సరిచేయడం నాకు ఒక పూట పని. చేయలేదు. ఆమె తలవంచుకుని పదమూడులోంచి ఏడు తీసేస్తుంటే క్లాసంతా కిసకిసలాడేది. వారించలేదు. ప్రోగ్రామ్ పరువు పోతుందన్న భయమా? భయమొక్కటే అయితే, ఆమె కళ్లలో నీళ్లు చూసినప్పుడు నాకంత తృప్తిగా ఎందుకుంది?

ఒకరోజు వాళ్ల నాన్న వచ్చాడు.

"పిల్ల బడికి రానంటందండీ, టీచరుగారూ. నిజంగానే లెక్కలు రావంటారా?"

"నేననడం కాదండీ. కంప్యూటరే చెప్తోంది."

తలూపాడు. "మిషను అబద్ధం చెప్పదు కదండీ. నాతోపాటు కుట్టుపనిలో పెట్టుకుంటాలెండి."

నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

ఆమె మానేసిన వారంలోనే ప్రోగ్రామ్ సరిచేశాను. షాహీన్ పద్ధతినే దానికి నేర్పాను. ఒకే లెక్కను రెండు దారుల్లో గుర్తుపడుతోందని అధికారులు చప్పట్లు కొట్టారు. కంకిపాడు, మైలవరం బళ్లకూ వెళ్లింది. అక్కడి పిల్లలు నిజంగానే బాగుపడ్డారు. అదే నన్ను బాధిస్తుందని రాయబోయాను. అబద్ధం. అదే నన్ను కాపాడింది. ఇంతమందికి మేలు జరిగింది, పోయింది ఒక్కతే కదా అనుకుంటూ హాయిగా నిద్రపోయాను.

పదేళ్ల తర్వాత ఆటోనగర్లో కనిపించింది. వాళ్ల నాన్న టార్పాలిన్ల దుకాణం ఇప్పుడు ఆమెదే. గుర్తుపట్టి కుర్చీ వేసింది, టీ తెప్పించింది. పక్కన పలక పట్టుకుని చిన్న కూతురు.

"దీనికి లెక్కలు చెప్పాలంటే భయమండీ టీచర్. నాకు రావుగా. నా మొద్దుబుర్ర దీనికి అంటుకోకూడదని పక్కింటికి పంపిస్తున్నా," అని నవ్వింది.

నేను చెప్పాల్సింది ఒక్క మాట. టీ తాగి లేచి వచ్చేశాను.

మీ క్షమాపణ నాకొద్దు. ఇవ్వడానికి మీరెవరు? రాసేశాక గుండె కాస్త తేలికపడింది, అందుకు సిగ్గుగానూ ఉంది. ఆ దుకాణం మా ఇంటికి దూరమేం కాదు. షాహీన్ లెక్క సరైనదేనని మీకు చెప్పాను. ఆమెకు ఇంకా చెప్పలేదు.