తాళాన్నే అడగాలి

తాళాలాయన మంచం పట్టాడు గానీ, నోరు మూతపడలేదు. మూయించింది పెళ్ళామే.

క్యాన్సరు ఇక తగ్గేది కాదని తేలిపోయింది. ఉన్నన్నాళ్ళూ మనిషి ఎలా ఉంటున్నాడో చూడ్డానికి వారానికోసారి నర్సు ఇంటికొస్తుంది. నొప్పి, నిద్ర, రోజు గడిచే తీరు, ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో అడుగుతుంది. అడిగేది ఆయన్ని, చెప్పేది ఆవిడ. నొప్పే లేదంటుంది, రోజుకు పదికి పది వేసుకోమంటుంది. పాపం, అబద్ధమేమీ కాదు. మందు మత్తులో ఆయన పొద్దస్తమానం గుర్రుపెడుతూనే ఉన్నాడు. నొప్పితో ఆయన మెలికలు తిరగడం ఆవిడ ఒకసారి చూసింది. మళ్ళీ చూసే ధైర్యం లేదు.

ఆయనకు మాత్రం కడుపు మండిపోయేది. తాళాలు బాగుచేసే కొట్టు మూసి ఉంది. తను పోయాక తెరిచి కూర్చోవాల్సింది ఆవిడే, ఆవిడకేమో తాళంచెవులు అరగదీసే ఆకురాయి పట్టుకోవడం కూడా రాదు. నేర్పుదామంటే కళ్ళు తెరుచుకోవు. పదికి పదట! ఆ మార్కులు శవానికీ వేయొచ్చు.

ఈసారి నర్సు వచ్చే పూట ఆయన మాత్ర మింగినట్టు నటించి దిండు కింద దాచాడు. ఆవిడ జవాబు మొదలెట్టగానే చెయ్యెత్తి ఆపాడు. కొట్లోనూ అదే పద్ధతి. తాళం పాడైందని వచ్చినవాళ్ళు తలో కథ చెబుతుంటే, పక్కకు జరగమని, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కదిపి వినేవాడు.

"తాళం సంగతి తాళాన్నే అడగాలే," అన్నాడు ఆవిడతో. నర్సుకేసి తిరిగాడు. "నొప్పి ఏడమ్మా. నిద్ర పది. రోజు సున్నా. పొద్దున పూట నన్ను మెలకువగా ఉంచు. దీనికి పని నేర్పాలి."

"నొప్పితో చస్తూ నాకు నేర్పుతారా?" అంది ఆవిడ.

"నేర్పకుండా చస్తే అది ఇంకా నొప్పి."

దిండు కింది మాత్ర తీసి చూపిస్తే, దాచినందుకు నర్సు చీవాట్లు పెట్టింది. డాక్టరుతో ఫోన్లో మాట్లాడి మందుల వేళలు, మోతాదు మార్పించింది.

మర్నాటి నుంచి మంచం పక్క బల్ల మీద పాత తాళాలు చేరాయి. ఆవిడ అరగదీసిన తాళంచెవులు ఒక్కటీ తిరగలేదు. తాళంచెవి చేశావా, దువ్వెన చేశావా అని ఆయన ఎగతాళి. ఆవిడ పళ్ళు నూరుకుంటూ మళ్ళీ కూర్చునేది. ఆయన నుదుట చెమట చూసి ఆకురాయి దించబోతే, కానివ్వమని కసిరేవాడు.

తర్వాతి వారం నర్సు ఎదుటే ఆవిడ చేసిన చెవి తిరిగి, తాళం టక్కున తెరుచుకుంది. నర్సు మార్కులు అడిగింది. ఆవిడ నోరు మెదపకుండా ఆయనకేసి చూసింది.

"నొప్పి ఐదు. రోజు తొమ్మిది," అన్నాడు.

ఆ ఒక్క మార్కూ ఎందుకు తగ్గిందని నర్సు అడిగింది.

"బీరువా తాళం ఇంకా రాలేదుగా దీనికి. రేపు పొద్దున్నే అదే పని."