కొనుక్కోవలసిన ఏడాది

సెలవట, సెలవు! నెలలు నిండకుండా పుట్టిన పిల్లవాణ్ణి గుండెకు హత్తుకుని ఏడాదిపాటు కంటిమీద కునుకు లేకుండా గడిపితే, దానికి మా స్కూల్ వాళ్ళు పెట్టిన పేరు సెలవు. జీతం లేదు సరే, టెక్సస్‌లో ఆరో తరగతికి లెక్కలు చెప్పే నాకు ఆ ఏడాది పెన్షన్ సర్వీసులోంచి కూడా ఎగిరిపోయింది.

కావాలంటే కొనుక్కోవచ్చునన్నారు పెన్షన్ ఆఫీసువాళ్ళు. డబ్బు కడితే ఆ ఏడాది కూడా సర్వీసులో కలుపుతారు. త్వరగా కడితే చవక, ఆలస్యమైతే ధర పెరుగుతుంది. నా ఒళ్ళు అరగదీసుకున్న ఏడాదిని నేనే కొనుక్కోవడమేమిటని మండిపోయింది. అయినా కొందామనే అనుకున్నాను.

ఆ శనివారం మా ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకుని తినే విందు. మావారు ఈ మాట ఎత్తగానే ఆయన స్నేహితులు బిర్యానీ ప్లేట్లతో చుట్టూ చేరారు. నా పెన్షన్ గురించి నన్ను తప్ప అందరినీ అడిగారాయన.

"ఎందుకు వదినా వేస్ట్? ఇంకో రెండేళ్ళల్ల అందరం ఇండియా పోయేటోళ్ళమే కదా!" అన్నాడొకాయన.

"కరెక్ట్. ఆ డబ్బులేవో హైదరాబాద్‌లో ప్లాట్ మీద పెట్టేద్దాం," అన్నారు మావారు.

"అది కాదండీ, నా సర్వీసు..." అంటూండగానే, "పెరుగు చట్నీ ఇంకా ఉందా వదినా?" అని ఇంకొకాయన అడ్డొచ్చాడు. ప్లాట్ కొనేశారు. వెళ్ళేది ఎప్పుడో తెలియదు గానీ ఉండడానికి చోటు మాత్రం సిద్ధం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆ రెండేళ్ళు ఇప్పటికీ పూర్తి కాలేదు. ఆనాడు బిర్యానీ తిన్నవాళ్ళలో ఒక్కడు కదిలితే ఒట్టు. అందరూ మా ఊరు ఈ ఫ్రిస్కోలోనే ఇళ్ళు కొని, వెనక స్విమ్మింగ్ పూల్‌లు కూడా తవ్వించుకున్నారు. ఆ నెలలు నిండని బిడ్డ ఇప్పుడు కారు నడుపుతున్నాడు.

ఇన్నేళ్ళూ క్లాసులో అరిచి అరిచి నా గొంతు పాడైంది. పాఠాలు మానకపోతే ఉన్నదీ పోతుందని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆ ఏడాది లెక్కలో ఉంటే ఈ వేసవికే రిటైర్ కావచ్చు. లేదంటే ఇంకో ఏడాది అరవాలి. పెన్షన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "మీరు పని చేయని ఏడాదికి" ఇప్పుడు పూర్తి ధర కట్టాలన్నారు. పని చేయలేదట! ఆ పిల్లవాణ్ణి ఒక్క పూట ఎత్తుకుని చూడమనండి.

"అంత డబ్బా? ఒక్క ఏడాదే కదా, అడ్జస్ట్ చేసుకో," అన్నారు మావారు.

"ప్లాట్ అమ్మండి."

"రేపు ఇండియా వెళ్తే ఎక్కడుంటాం?"

పోట్లాడదామంటే గొంతు లేదు.

మళ్ళీ పాట్‌లక్ వచ్చింది. అవే మొహాలు, అదే బిర్యానీ. క్లాసులో చప్పట్లు కొట్టినట్టు గట్టిగా రెండు చప్పట్లు కొట్టాను. అందరూ ఇటు తిరిగారు.

"ఇండియా వెళ్ళిపోయేవాళ్ళు చేతులెత్తండి," అన్నాను, బొంగురు గొంతుతోనే.

"ఏంది వదినా, ఎగ్జామా?" అని నవ్వాడు ఆ రెండేళ్ళాయన. నేను నవ్వలేదు. ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి మావారి వైపు చూశాను. ఆయన తన ప్లేట్‌లోకి చూసుకుంటున్నారు.

"అయితే నా ఏడాది నాకు కొనిపెట్టండి."

మర్నాడు హైదరాబాద్ బ్రోకర్‌కు ఫోన్ చేశారాయన. మాట్లాడడం అయ్యేదాకా నేను పక్కనే నిలబడ్డాను.