టైలరక్కకు వచ్చిన ఫోన్లు

మా వీధి చివర మెట్ల కింద గదిలో టైలరక్క కుట్టుమిషను ఉంది. బిగుతైన చొక్కాలు వదులు చేయడం, పాడైన జిప్పులు మార్చడం ఆమె పని. వీధిలో ఎవరి నడుము ఎంత పెరిగిందో ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పదు కనుకనే గిరాకీ తగ్గలేదు.

ఆమెకో మరిది ఉన్నాడు. ఉద్యోగం తప్ప అన్నీ తెలిసినవాడు. నెట్‌లో వెతికితే దొరకని కొట్టు లేనట్టే లెక్కని ఒకనాడు వదినకు జ్ఞానబోధ చేసి, భోజనం చేస్తూనే ఆమె నంబరు నెట్‌కి ఎక్కించాడు. ఏ వ్యాపారమని అడిగినచోట చాంతాడంత జాబితా వచ్చింది. ఎడమచేతి వేలితో ఏదో నొక్కి, ఇక ఫోను మోగుతూనే ఉంటుందని అభయమిచ్చాడు.

ఆయన వాక్కు ఊరికే పోలేదు. మర్నాడే ఎవరో ఒకాయన ఫోను చేసి బొంగురు గొంతుతో, ఎంతసేపట్లో వస్తారని అడిగాడు.

"మేం రామండీ, మీరే రావాలి. కొలతలున్నాయా?"

"కొలతలెందుకమ్మా? మా నాన్న మామూలు మనిషే."

"అయితే ఒకసారి ఆయన్నే తీసుకురండి."

"ఆయన్ని తీసుకెళ్లమనే కదమ్మా ఫోన్ చేసింది."

మరిదిగారు నొక్కింది శవవాహనాల మీద.

ఆనాటినుంచి ఆమె మిషను తొక్కినంతసేపు క్షమాపణలూ చెప్పింది. నమ్మినవాళ్లు తక్కువ. నెట్‌లో ఉందంటే ఉన్నట్టే, పొరపాటు మీదేమో చూసుకోమని ఒక పెద్దమనిషి హితవు చెప్పాడు. ఇంకొకరు నెట్‌లో ఒక్క చుక్క రేటింగిచ్చి, 'ఆవిడ మర్యాదస్తురాలు, బండి లేదు' అని రాశారు. దాని కిందే ఆమె పాత ఖాతాదారు ఒకాయన, జిప్పు చక్కగా వేశారని అయిదు చుక్కలు పెట్టాడు. ఏ బండికి జిప్పో చదివినవాళ్లకే తెలియాలి.

తీసేయమంటే, మార్పు పరిశీలనలో ఉందని నెట్ అంటోందని మరిది నిట్టూర్చాడు. ఆ నెట్ కంపెనీవాళ్లతోనే తేల్చుకుందామని అక్క వాళ్ల నంబరు వాళ్ల నెట్‌లోనే వెతికి ఫోను చేసింది. ఎత్తినవాడు నీళ్ల మోటార్లు బాగుచేసే మెకానిక్కు. "నాదీ అదే ఏడుపమ్మా. వాళ్ల నంబరు దొరికితే నాక్కూడా చెప్పండి" అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన ఫోను చేశాడు. భార్య పోయిందని, ఇంట్లో తనొక్కడే ఉన్నానని చెప్పాడు. అన్ని నంబర్లకూ చేశాడట. ఒకచోట ఒకటి నొక్కమన్నారు, ఒకచోట పాట వినిపించారు.

"మీరొక్కరే మనిషిలా పలికారమ్మా" అన్నాడు.

రాంగ్ నంబరన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇల్లెక్కడో అడిగి, కొట్టుకు తాళం వేసి, పెద్దాసుపత్రి గేటు దగ్గరికి నడిచింది. అక్కడ నిలబడే బండి డ్రైవర్‌ని ఎవరూ నెట్‌కి ఎక్కించలేదు కనుక ఆయన చెట్టునీడన ఖాళీగా పడుకుని ఉన్నాడు. ఆయన్ని లేపి, తనూ ముందు సీట్లో ఎక్కింది. అంతా అయ్యేదాకా ముసలాయన పక్కనే నిలబడింది. ఆయన ఏడవలేదు. ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టానని మాత్రం మళ్లీ మళ్లీ అడిగాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

ఆ తర్వాత ఫోన్లు వస్తే ఆమె విసుక్కోలేదు. డ్రైవర్ నంబరు చెప్పి, అయ్యో పాపం అని ఒక మాట అని ఫోను పెట్టేసేది. సంగతి తెలిసి మరిది పొంగిపోయాడు. అంతా తన చలవేనన్నాడు. డ్రైవర్‌నీ నెట్‌కి ఎక్కిస్తానని ఫోను తీశాడు.

"వద్దు నాయనా. నీ చేత్తో ఎక్కిస్తే ఆయన్ని గౌన్లు కుట్టమంటారు" అంది వదిన.

డ్రైవర్ కూతురే ఆ పని చేసింది. పరిశీలన కూడా ఎట్టకేలకు ముగిసింది. టైలరక్క కొట్టు శాశ్వతంగా మూతపడిందని నెట్ ప్రకటించింది. ఆ వార్త ఆమె మిషను తొక్కుతూ చదివింది.

మూతపడిన ఆ కొట్టుకే, నలుగుర్నీ అడుగుతూ ముసలాయన నడిచివచ్చాడు. చేతిలో బొత్తాలూడిన చొక్కా. కుట్టి ఇస్తానంటే వద్దన్నాడు. ఇన్నాళ్లూ వాళ్లావిడే కుట్టేదట. తనకు నేర్పమన్నాడు. అక్క సూదిలో దారం ఎక్కించి ఇచ్చి, ఎదురుగా స్టూలు వేసింది. ఆయన చొక్కా ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి శ్రద్ధగా కుట్టాడు. లేవబోతే చొక్కా రాలేదు. బొత్తంతో పాటు దాన్ని తన ప్యాంటుకు కూడా కలిపి కుట్టేశాడు.

ఆ రోజు ఇద్దరూ నవ్వడం వీధంతా విన్నది.