ఎమిల్ బూషార్ తూకం

వృథా కనబడితే ఎమిల్ బూషార్‌కి ఒళ్లు మండిపోతుంది. ఇరవయ్యేళ్లుగా యూనివర్సిటీలో ఈ ప్రొఫెసరు పక్కగదిలో ఉద్యోగం వెలగబెడుతున్న దురదృష్టవంతుణ్ణి నేను. మాంట్రియల్లో మంచు ఎత్తే లారీ సగమే నింపుకుని పోతోందని రోడ్డుకి అడ్డంగా నిలబడి డ్రైవర్‌ని కడిగేశాడు. ఆ డ్రైవరూ తక్కువ తినలేదు. చర్చిలో ఉండే సామాన్ల పేర్లన్నీ పెట్టి ఇద్దరూ తిట్టుకున్నారు, మా ఊళ్లో తిట్లంటే అవే మరి.

అంతర్జాతీయ విమాన సంస్థల్ని తూచడం అతని వృత్తి. ఇన్ని విమానాలు, ఇంత ఇంధనం, ఇంతమంది సిబ్బందితో ఎంత పని చేశారు? అందరికన్నా బాగా చేసినవాళ్ల పక్కన మిగతావాళ్లని నిలబెట్టి చూస్తాడు. వెనకబడ్డ సంస్థ డైరెక్టరొకాయన భోజనానికి పిలిస్తే, పుటీన్ అనే మా ఊరి బంగాళదుంపల వంటకం చల్లారేదాకా ఆయన్ని తిట్టి, ఆ తరవాత చల్లారినందుకు తిట్టాడు.

పోయినేడు ఒక దీవుల దేశపు బుల్లి విమాన సంస్థ అతని జాబితాలో అట్టడుగున తేలింది. వాటాదార్ల తరఫున మార్గరెట్ డన్‌లప్ అనే ఆవిడ టొరంటో నుంచి వచ్చింది. ఆ సంగతి రాసిన నివేదిక మీద ఎమిల్ సంతకం పడితే సంస్థ మూతపడుతుంది. సగం సీట్లు ఖాళీగా తిరుగుతున్నాయి కదా, ఇంక ఆలోచన దేనికంది. వృథా అనగానే ఆ సంస్థ మీద విరుచుకుపడతాడనుకున్నాను. పడ్డాడు, కాని ఆవిడ మీద.

"ఖాళీ కాదమ్మా, అవి మడిచిన సీట్లు. ఆ దీవుల్లో ఆసుపత్రి లేదు. స్ట్రెచర్ పట్టాలంటే సీట్లు మడవాలి. పడుకుని వచ్చినవాడు ప్రయాణికుడు కాడా?"

"టికెట్టు కొన్నవాళ్లనే లెక్కపెట్టాలని ముందే అనుకున్నాం కదండీ, ప్రొఫెసర్ గారూ."

"తప్పుగా అనుకున్నాం. రోగిని ఆసుపత్రికి చేర్చడమూ పనే. అది కలపకపోతే నా పేరు తీసేసి అచ్చేసుకోండి."

అతని పేరు లేని నివేదికని ఎవరూ పట్టించుకోరు. ఆవిడ గడువిచ్చి వెళ్లింది. ఎమిల్ దీవుల్లోని నర్సులందరికీ తనే ఫోన్లు చేసి రోగుల లెక్కలు రాబట్టాడు, ఆలస్యం చేసినవాళ్లకి చీవాట్లూ పెట్టాడు. అవి కలిపేసరికి బుల్లి సంస్థ పైవరసకి ఎక్కింది. మూసివేత ఆగింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంత మంచితనం కడుపులో దాచుకుని ఇన్నేళ్లు మమ్మల్నెందుకు ఇలా కాల్చుకుతిన్నట్టు?

సంస్థ మేనేజరు కృతజ్ఞతలు చెప్పడానికి ఫోన్ చేశాడు. ఎమిల్ జవాబు గోడ ఇవతలికి అంతా వినిపించింది.

"అది తరవాత. పొద్దున పూట నీ రెండో విమానం షెడ్డులో ఎందుకు నిద్రపోతోందయ్యా? లేపి ఉత్తరం దీవికి పంపు. ఎవర్ని తీసుకొచ్చావో సోమవారం నాకు చెప్పు."

ఇప్పుడు ప్రతి సోమవారం ఆ గదిలోంచి తిట్లు వినిపిస్తున్నాయి. ఆ మేనేజరు వాటికోసమే ఫోన్ చేస్తున్నాడని నా అనుమానం.