ఇద్దరికీ చెప్పని క్షమాపణ

చిన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చేవి. కోరుట్ల దగ్గరి పల్లె మాది. తాతల కాలంలో చర్చిలో చేరిన మాదిగ కుటుంబం. గాలి సోకిందని పక్కింటామె తాయెత్తు కట్టింది. దయ్యం పట్టిందని పాస్టర్ గారు తలమీద నూనె పోసి ప్రార్థన చేశాడు. చివరికి బీడీలు చుట్టే మా అమ్మ, నేను అవ్వ అని పిలిచేదాన్ని, పని మానుకుని నన్ను జగిత్యాల సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలతో ఫిట్స్ ఆగిపోయాయి.

అది ప్రార్థన మహిమేనని చర్చిలో సాక్ష్యం చెప్పమన్నాడు పాస్టర్ గారు. నేను లేచి, "గోలీలతోటి తగ్గింది" అని కూర్చున్నాను. దేవుడు లేడని అనుకోవడం అక్కడే మొదలైంది.

జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు కీప్యాడ్ ఫోన్‌లో ఫేస్‌బుక్ వచ్చింది. అందులో తెలుగు నాస్తికుల గ్రూపు ఒకటి దొరికింది. నా ఫిట్స్ సంగతి ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో రాస్తే ఎంతమంది మెచ్చుకున్నారో! నాలాగా ఆలోచించేవాళ్లు ఇంతమంది ఉన్నారా అని హాస్టల్ మంచం మీద పడుకుని మురిసిపోయాను. కొన్నాళ్లకు వాళ్ల నవ్వులు ఎవరి మీదో తెలిసొచ్చింది. బోనమెత్తిన ముసలమ్మ ఫొటో పెట్టి వెక్కిరించేవాళ్లు. చర్చికి పోయేవాళ్లను గొర్రెలనేవాళ్లు. ఆ గొర్రెల్లో మా అవ్వ ఉంది. పోట్లాడేదాన్ని. "సైన్స్ చదువుకో" అనేవాళ్లు. నేను చదువుతున్నది బీఎస్సీ.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెకు కాలేజీ మూతబడితే ఇంటికొచ్చాను. బతుకమ్మ రోజులవి. ఊరి ఆడవాళ్లంతా మెయిన్ రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి బండ్లు ఆపాలనుకున్నారు. మా వాడ బతుకమ్మలను ఊరి బతుకమ్మల పక్కన ఎన్నడూ పెట్టనివ్వలేదు. మా నాయనమ్మ ఒకసారి పెట్టబోతే తరిమారు. ఆ సాయంత్రం మాత్రం పటేలోళ్ల పెద్దామె, "జరుగుండ్రి, వాళ్లను గూడ పెట్టనియ్యిండ్రి" అంది. తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలన్నీ తారురోడ్డు మీద ఒక్క దగ్గర చేరాయి. గొంతు పోయేదాకా పాడుతూ ఆడాను. తెల్లారి పేపర్ జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. ముందు వరసలో నా ముఖమే.

ఆదివారం పాస్టర్ గారు ఇంటికొచ్చాడు.

"గిది విగ్రహారాధన. వచ్చే వారం సంఘం ముందట నీ బిడ్డ క్షమాపణ అడగాలె" అన్నాడు అవ్వతో.

అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తలేదు. "అయ్యగారూ, మా అత్తను ఊరోళ్లు బతుకమ్మకాడ ఎల్లగొట్టిన నాడు సంఘం ఏమన్న అన్నదా? నా బిడ్డ ఎవ్వలకూ మొక్కది. మీ దేవునికే మొక్కలేదు, పూలకు మొక్కుతదా?"

ఆయన చాయ్ తాగకుండానే పోయాడు.

గ్రూపులోనూ అదే ఫొటో. నా ముఖం చుట్టూ ఎర్రగీత గీసి 'మన నాస్తికురాలి పూల పూజ' అని రాశారు. సమ్మె అయిపోయాక సిరిసిల్లలో సభ్యుల మీటింగ్ ఉందని, అక్కడికొచ్చి వివరణ ఇవ్వాలని అడ్మిన్ కబురు పెట్టాడు. పోయాను. ఓ హోటల్ పైన గది. అందరూ మగవాళ్లే. అడ్మిన్ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"మీ మీద కోపం లేదమ్మా. క్షమాపణ పోస్టు ఒకటి పెడితే అయిపోతుంది" అన్నాడు.

"నేను ఎవలకు మొక్కిన?"

"మొక్కకపోయినా అది మతాచారమే కదా."

పక్కనున్న కుర్ర లెక్చరర్ నన్ను కాపాడబోయాడు. "ఆ పూలు చెరువు నీళ్లను శుద్ధి చేస్తయని రాయి చెల్లె. సైన్స్ కిందికి వస్తది."

"మీరు పరీక్ష చేసి చూసిండ్రా సార్?"

"అందరంటరు గదా."

"అందరంటరని నమ్ముతె చర్చిలనే ఉండేదాన్ని. మా నాయినమ్మను ఆడనియ్యలేదు. నేను ఆడిన. దానికి సైన్స్ సర్టిఫికెట్ ఎందుకు?"

"ఇక్కడ కులం ప్రస్తావన అనవసరం" అన్నాడు అడ్మిన్. "మీరు సెంటిమెంట్‌తో మాట్లాడుతున్నారు."

"మీకు అనవసరం. దేవుని మహిమ కాదని మీకంటె ముందు మా చర్చిల నిలబడి జెప్పిన. గప్పుడు నా ఎనుక ఒక్కలు లేరు. క్షమాపణ పెట్టనంటె పెట్ట."

మెట్లు దిగి బస్సెక్కాను. బస్సు వేములవాడ దాటకముందే గ్రూపులోంచి నన్ను తీసేశారు. మళ్లీ చేర్చుకోమని అడగలేదు. నా పేరుతోనే రాయడం మొదలుపెట్టాను. దేవుడు లేడనే రాశాను, అవ్వను గొర్రె అన్నవాళ్ల గురించీ రాశాను.

మరుసటి ఏడు రోడ్డు మీద ధర్నా లేదు. ఊరి బడి ముందు ఆడుతున్నారు. నేను మా బతుకమ్మతో పోతే పటేలోళ్ల పెద్దామే అడ్డమొచ్చింది.

"గప్పుడంటే తెలంగాణ కోసం. మీరు మీ వాడకాడ ఆడుకోండ్రి బిడ్డా."

"తెలంగాణ ఇంక రాలే పెద్దమ్మా" అని, ఆమెను తప్పించుకుని పోయి నట్టనడుమ పెట్టాను. పాట ఆగింది. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మా అవ్వ ఆటలోకి రాలేదు కానీ నా వెనకే వచ్చి, చేతులు కట్టుకుని ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఎవరూ మా బతుకమ్మను జరపలేదు. నేనే పాట అందుకున్నాను.