యేసురత్నం అందుకోని డైలాగు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఎండాకాలంలో, ఒక క్రైమ్ సీరియల్‌కి డైలాగులు రాసే పని మీద రాజమహేంద్రవరం వెళ్ళాను. అందులో చనిపోయిన ఇన్‌స్పెక్టరు ఆత్మ తిరిగొచ్చి, వారానికో హంతకుణ్ణి పట్టుకుని, వాడి నోటితోనే నేరం ఒప్పిస్తుంది. ఒప్పుకున్నవాడికి విముక్తి. కథ నాది కాదు, మాటలు మాత్రమే నావి. మా వృత్తిలో ఈ తేడా చాలా ముఖ్యం. ఎవరైనా తిడితే కథ నాది కాదని తప్పించుకోవచ్చు.

ఆ వారం హంతకుడు పడవవాడు. గోదావరి మీద నిజంగా పడవ నడిపే మనిషే కావాలని డైరెక్టరు యేసురత్నాన్ని పెట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. సొంత అన్నని తెడ్డుతో కొట్టి చంపిన కేసులో శిక్ష పూర్తి చేసుకుని వచ్చాడని మేకప్‌మ్యాన్ చెబితే మొదట నమ్మలేదు. స్క్రిప్టు అంతా చదివించుకుని, విన్నాకే ఒప్పుకున్నాడట. అందులో అతనికున్న ముఖ్యమైన డైలాగు ఒక్కటే: "నేనే చంపానండి."

తీరా షూటింగు రోజు పొద్దున్నే మార్పు వచ్చింది. ఛానెల్ తరఫున కథ మీద అజమాయిషీ చేసే ఉద్యోగిని మేము ఈపీ అంటాం. ఆవిడ ఫోన్ చేసి, పడవవాడి మీద ప్రేక్షకులకు జాలి కలగాలి, అతన్ని దెయ్యం ఆవహించి హత్య చేయించినట్టు పెట్టండి అంది. అరగంటలో రాసిచ్చాను: "చంపింది నేను కాదు, నాలో దూరిన దెయ్యం." చెయ్యని తప్పుకి విముక్తి ఏమిటన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. తట్టినా అడిగేవాణ్ణి కాదు.

మా సీరియళ్ళలో ప్రాంప్టింగు పద్ధతి. అసిస్టెంటు డైరెక్టరు కెమెరా పక్కన నిలబడి డైలాగు పైకి చదువుతాడు, నటుడు అందుకుంటాడు. ఆ శబ్దం ఎలాగూ వాడం. తర్వాత హైదరాబాదులో వేరే గొంతుతో డబ్బింగు చెప్పిస్తాం. అందుకే తెలుగు ముక్క రాని హీరోయిన్లు కూడా మా దగ్గర అచ్చ తెలుగులో భోరుమంటారు.

అసిస్టెంటు కొత్త డైలాగు చదివాడు. యేసురత్నం శ్రద్ధగా విని, "నేనే చంపానండి" అన్నాడు. మళ్ళీ చదివాడు. మళ్ళీ అదే. ఆరో టేకుకి డైరెక్టరు విసిగిపోయి, "పోనివ్వండి, పెదాలు కదిలాయిగా, డబ్బింగులో చూసుకుందాం" అని పేకప్ చెప్పేశాడు.

సాయంత్రం రేవులో యేసురత్నం నా దగ్గరికి వచ్చాడు. "ఏమండీ, నా నోట్లో ఆ మాట పెట్టేది ఎవరండి?"

"ఛానెల్ వాళ్ళు. నా చేతుల్లో ఏం లేదయ్యా" అన్నాను.

"కోర్టులో నేనూ ఇదే అన్నానండి. సారా చేయించింది, నా చేతుల్లో ఏం లేదని. మా వదిన ఎదురుగా కూర్చుని విందండి. బయటికొచ్చాక మూడేళ్ళు గుమ్మం తొక్కనివ్వలేదండి. మొన్న ఈస్టరుకి వెళ్ళి, సారా కాదు వదినా, నేనే అన్నానండి. అప్పుడు కూర్చోమంది. ఆవిడ ఈ సీరియల్ చూస్తుందండి."

నాకు ఒళ్ళు మండింది. పడవ నడుపుకునేవాడు నాకు నీతులు చెప్పడమా! నిజానికి వేసింది సిగ్గు, బయటికి వచ్చింది కోపం. చూద్దాంలే అని పంపేశాను.

డబ్బింగు థియేటర్లో ఆ సీను వచ్చింది. యేసురత్నం వీపు మీంచి తీసిన షాటు ఒకటి ఉంది. పెదాలు కనపడవు కాబట్టి దాని మీద ఎంత పొడుగు మాటైనా పడుతుంది. దెయ్యం డైలాగు ఇబ్బంది లేకుండా పట్టేది. షీటు మీద దాన్ని కొట్టేసి, "నేనే చంపానండి" అని రాసి, డబ్బింగు చెప్పే ఆయనకి ఇచ్చాను. పెదాలు కనపడే ముఖం షాటే వాడించాను.

ప్రసారమైన మర్నాడు ఈపీ ఫోన్ చేసింది. మంచి అమ్మాయి. "లిప్ సింక్ పడలేదా అండి?" అని అడిగింది. అవునంటే అక్కడితో సరిపోయేది.

"పడేదేనమ్మా. నేనే మార్చాను" అన్నాను.

నెల తిరక్కుండా సీరియల్ వేరే రచయితకి వెళ్ళిపోయింది. ఆ ఛానెల్ మళ్ళీ నన్ను పిలవలేదు. బాధ పడలేదంటే అబద్ధం.

యేసురత్నానికి ఫోన్ చేసి, మీ వదిన చూశారా అని అడిగాను. "చూసిందండి" అన్నాడు. ఏమన్నారన్నాను. "ఏం అనలేదండి. అయిపోయాక అన్నం పెట్టింది."

హంతకులకి మాటలు రాసుకుంటూ బతికినవాణ్ణి నేను. తప్పు మనిషి సొంతమైతేనే విముక్తి కూడా అతని సొంతమవుతుందని, మధ్యలో దెయ్యాన్ని తెస్తే ఆ రెండూ దాని ఖాతాలోకే పోతాయని ఈ ఎపిసోడు దగ్గరే తెలుసుకున్నాను. నా పేరు మీద వచ్చిన చెత్త డైలాగులకి ఛానెళ్ళని తిట్టుకోవడం కూడా అప్పటి నుంచి మానేశాను. అవి నేనే రాశాను.